సెంట్రీ తుపాకీకి స్పిరిట్ పాలిష్

తెనాలిలో నాటకం వెయ్యనివాడు దొరకటం కష్టం. మంగలి షాపులో పక్క కుర్చీలో కూర్చున్నవాడు, పాల కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డవాడు, ఎవర్ని కదిపినా ఏదో ఒక పరిషత్తులో ఏదో ఒక వేషం కట్టే ఉంటాడు. బాబూలాల్ కూడా కట్టినవాడే. కాకపోతే అతను కట్టిన వేషాల్లో ఒక్కటీ నోరు తెరిచిన పాపాన పోలేదు. రాజుగారి వెనక ఈటె పట్టుకున్న భటుడు, కోర్టు సీన్లో తలుపు దగ్గర బంట్రోతు, పెళ్ళి సీన్లో తాంబూలం అందుకుని తలాడించే పెద్దమనిషి. ఒక నాటకంలో శవం కూడా. "శవం భలే చేశావోయ్, అస్సలు కదల్లేదు" అని ఎవరో మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు పదిమందికీ తనే చెప్పి, వాళ్ళు నవ్వకముందే తను నవ్వేసేవాడు. తన్ను చూసి నవ్వే పని ఇంకొకళ్ళకి మిగల్చటం అతనికి ఇష్టం ఉండదు.

వేషాలు సాయంత్రం సంగతి. పగలు అతను స్పిరిట్ పాలిష్ మేస్త్రి. బోసు రోడ్డు షాపుల్లోని మంచాలూ, డైనింగ్ టేబుళ్ళూ, డ్రెస్సింగ్ అద్దాల చట్రాలూ మారీసుపేటలోని అతని రేకుల షెడ్డుకి మొద్దు ముఖాలతో వచ్చి, మనిషి మీసం దువ్వుకునేంత మెరుపుతో తిరిగి వెళ్ళేవి. పని అప్పగించేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటే పాఠం అప్పజెప్పేవాడు: "రెండ్రోజులు తడి తగలనివ్వకండమ్మా. వేడి గిన్నెలు పెట్టకండి." ఆ మాట చెప్పటంలో అతనికి తడబాటు లేదు, గొంతు కూడా గంభీరంగానే ఉంటుంది. అదే గొంతు స్టేజీ మీద ఒక్కసారి పలికితే చాలునని అతని కోరిక. రాజు వేషం కాదు, పద్యం కాదు. నిండు హాల్లో, అందరూ వింటూ ఉండగా, ఒక్క మాట.

ఆ ఒక్క మాట ఈ సంవత్సరం దక్కింది. ఎరువుల కొట్టు ప్రకాశరావుగారు నాటక సమాజానికి అధ్యక్షుడు, దర్శకుడు, భోజనాల ఖర్చు పెట్టుకునేదీ ఆయనే. ఆయన తీసుకున్న కొత్త నాటకం తెల్లదొరల కాలంలో ఒక జైలు కథ. తెల్లారితే ఉరితీయబోయే ఖైదీకి ఒక సెంట్రీ కాపలా ఉంటాడు. నాటకమంతా ఖైదీ మాట్లాడతాడు, సెంట్రీ వింటాడు. చివర్లో సెంట్రీ గుండె కరిగి, తుపాకీ తలపైకెత్తి, "ఇన్నాళ్ళూ దీన్ని మోశాను. ఇక మొయ్యను!" అని నేలకేసి కొడతాడు. అప్పుడు ఖైదీ "విన్నారా ఆ చప్పుడు? సంకెళ్ళు తెగిన చప్పుడది!" అంటాడు. తెర పడుతుంది. సెంట్రీ వేయాల్సిన శివరామయ్య మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచమెక్కటంతో, నిలబడటంలో బాబూలాల్‌కి ఉన్న అనుభవం ప్రకాశరావుగారికి గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఇష్రత్ చేపలు కడుగుతోంది.

"ఎన్ని మాటలు?" అని అడిగింది తలెత్తకుండా.

"ఒకటే. కానీ క్లైమాక్సు."

"ఒక్క మాటకి రోజూ రిహార్సలా? ఆ మాట నాకు చెప్పండి, నేను పక్కింటివాళ్ళందరికీ చెప్పొస్తాను. ఇంత హడావిడి ఉండదు."

ఇష్రత్ అతని నాటకాలకి ఎప్పుడూ రాలేదు. "మీరు నిలబడటం చూట్టానికి టిక్కెట్టు కొనుక్కుని రావాలా? కరెంటు పోయినప్పుడు వాకిట్లో నిలబడే ఉంటారుగా, చూస్తూనే ఉన్నా" అనేది. బాబూలాల్ ఆ మాట కూడా సమాజంలో చెప్పి అందర్నీ నవ్వించాడు. "చూద్దువులే, ఒక్కరోజు నేనూ మాట్లాడతా" అని ఆమెతో పెళ్ళయిన కొత్తలో అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొదటి ప్రదర్శన బాపట్లలో, ఒక కల్యాణమండపంలో. తుపాకీని ఖైదీ పాత్రధారి వినోద్ కుమార్ ఫోన్లో చూసి తెప్పించాడు. అన్నిటికన్నా చవకది చూసి తెప్పించానని గొప్పగా చెప్పాడు కూడా. పాత కాలపు పోలీసు తుపాకీకి నకలు. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. అట్టపెట్టె విప్పేసరికి, చెక్క మీద బెల్లం పాకం పోసినట్టు వార్నిషు, గొట్టం మీద పొట్టు లేస్తున్న నల్లరంగు, అడుగున అతుకు గీత. చేతిలోకి తీసుకుంటే గొడుగంత బరువు కూడా లేదు. "దూరం నుంచి ఏం తెలుస్తుందిలే" అన్నాడు వినోద్ కుమార్.

దూరం నుంచి తెలిసింది. బాబూలాల్ తుపాకీ ఎత్తి, ఊపిరి బిగబట్టి, నోరు తెరిచే లోపల చెయ్యి ముందు కదిలింది. తుపాకీ టప్ మని పడి, ఎగిరి, రెండు దొర్లు దొర్లింది. తూటాలు పెట్టే పెట్టె ఊడి స్టేజీ మీద నుంచి జారి ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చెప్పుల దగ్గర ఆగింది. ఆయన లేచి, "ఇదుగో బాబూ, మీ సామాను" అని అందించాడు. హాలు గొల్లుమంది. ఆ గోలలోనే బాబూలాల్ తన మాట చెప్పాడు. చెప్పినట్టు అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వినోద్ కుమార్ పాఠం ప్రకారం "విన్నారా ఆ చప్పుడు?" అన్నాడు. "విన్నాం! విన్నాం!" అన్నారు వెనక వరసలవాళ్ళు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ప్రకాశరావుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ సీను తీసేద్దాం. ఖైదీ మాటతోనే తెర దించుదాం" అన్నాడు.

బాబూలాల్‌కి ఇన్నేళ్ళకి నోట్లో పడ్డ ముక్కని ఒక బొమ్మ తుపాకీ లాగేసుకుపోతోంది.

"తప్పు తుపాకీది సార్, సీనుది కాదు," అన్నాడు. "నాకివ్వండి. రేపల్లె పోటీల నాటికి అది తుపాకీ అవుద్ది. బీరువాల్ని టేకు బీరువాలు చేసేవాణ్ణి, నాకిదో లెక్కా?"

"పాతబడినట్టుండాలయ్యా. వాడినట్టుండాలి. పడితే దభేల్మనాలి."

"అంటది సార్."

అతను మాట నిలబెట్టుకున్నాడు, సగం. ముందు అంతటినీ విప్పి, గొట్టంలోకి ఇనపకడ్డీ దూర్చి, చెక్క లోపల తొలిచి సీసం ముక్కలు కుక్కాడు. బిగించి ఇసక బస్తా మీద పడేస్తే దభేల్ మంది. అతుకుల దగ్గర లోపల మేకులు దించాడు, ఇంక ఏదీ ఊడదు. అక్కడికి ఆపి ఉంటే ఈ కథ లేదు. కానీ ఎదురుగా చెక్క ఉంది, చేతిలో గాజుపెంకు ఉంది.

గాజుపెంకుతో గీస్తే ఆ పాకం వార్నిషు సన్నటి పొరలుగా లేచొచ్చింది. అడుగున ఉన్నది ఏ పేరూ లేని అనామకపు చెక్కే అయినా, దాంట్లో ఒక చార ఉంది, లేత గోధుమరంగు చార, నది మలుపు తిరిగినట్టు తిరిగింది. బాబూలాల్ దాన్ని చూడకుండా ఉండాల్సింది. చూశాడు. ఇంక మనిషి మనిషిలో లేడు. గరుకు ఉప్పుకాగితం, తరవాత నునుపుది, తరవాత ఇంకా నునుపుది. చిల్లుల్లో లప్పం పెట్టి, ఆరబెట్టి, మళ్ళీ రుద్దాడు. చపడా లక్కని స్పిరిట్లో నానబెట్టి, మెత్తటి పాత చీర ముక్కలో దూది పెట్టి ఉండలా చుట్టి, చెక్క మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ పూత మీద పూత వేశాడు. గొట్టం మీద రంగు గీకేసి, తడిపి రుద్దే నీళ్ళ కాగితంతో నునుపు చేసి, పలచగా నలుపు పూసి, దాని మీద పెన్సిలు ముల్లు నూరిన పొడి వేసి బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. చవక లోహానికి ఉక్కు నిగారింపు వచ్చింది. బొటనవేలు నల్లబడి, అన్నం తినేటప్పుడు ఇష్రత్ చెంచా ఇచ్చింది.

షాపుల వాళ్ళు మంచాల కోసం ఫోన్లు చేస్తున్నారు. "ఆరాలండి, ముసురుగా ఉంది" అని అబద్ధాలు చెప్పాడు. ఎండ కాస్తూనే ఉంది.

"మంచాలు మానేసి తుపాకీ పక్కన కూర్చుంటున్నారు," అంది ఇష్రత్ టీ తెచ్చి. "నాకు సవతిని తెచ్చారు, అదీ ఇనపదాన్ని."

"చూడు, ముఖం కనపడుతోందా లేదా?"

ఇష్రత్ వంగి చూసింది. "కనపడుతోంది. మీది. అందుకే వదల్లేకపోతున్నారు." ఆ మాట నిజమేనని బాబూలాల్ తనలో తను ఒప్పుకుని నవ్వుకున్నాడు. స్టేజీ మీద ఎవరూ చూడని ముఖాన్ని తుపాకీలోనైనా తను చూసుకుంటున్నాడు.

రిహార్సళ్ళకి మాత్రం తుపాకీ తేలేదు. "ఇంకో పూత ఉందండి," "ఆరుతోందండి" అని చీపురుకర్రతో కానిచ్చాడు. చీపురుకర్రని ఎంత బాగా నేలకేసి కొట్టేవాడంటే, ప్రకాశరావుగారే "శభాష్" అన్నాడు. చీపురుకర్రకి పూత లేదు మరి. పాతబడినట్టుండాలని ఆయన చెప్పింది బాబూలాల్‌కి గుర్తుంది. కానీ కొత్తదాన్ని పాతది చెయ్యటం ఆ చేతులకి తెలీదు. అవి జన్మలో నేర్చుకున్నది పాతదాన్ని కొత్తది చెయ్యటమే.

రేపల్లె పోటీలకి బయల్దేరే రోజు పొద్దున ఇష్రత్ ట్రంకుపెట్టెలోంచి మంచి చీర తీసింది.

"ఎక్కడికి?"

"మీ నాటకానికి. మా ఊళ్ళోనేగా. అన్నకి ఫోన్ చేశా, అందరం వస్తున్నాం."

ఇష్రత్ పుట్టిల్లు రేపల్లె. అన్న ఫరూక్‌కి బస్టాండు దగ్గర టైలరు షాపు. బావగారి నాటకాల గురించి ఆ ఇంట్లో చెప్పుకున్నన్ని జోకులు ఇంకెక్కడా ఉండవు, సగం బాబూలాలే సరఫరా చేశాడు. ఇప్పుడు అందర్నీ పోగేసుకుని వస్తోందంటే నవ్వటానికేనని అతనికి అనుమానం లేకుండా అర్థమైంది. "రండి రండి, నవ్వుకోవటానికి ఖర్చు లేదు" అన్నాడు. ఇష్రత్ ఏదో అనబోయి మానేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

రైల్లో తుపాకీని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. జంపని దాటాక ఎదురు సీటులో ఉన్న వడ్ల వ్యాపారి అదేంటని అడిగాడు. ఇష్రత్ వద్దని కళ్ళతో చెప్తూనే ఉంది, అతను దుప్పటి విప్పేశాడు. వ్యాపారి రెండు చేతులూ పైకెత్తాడు. పెట్టెలో సగంమంది లేచి నిలబడ్డారు.

"నాటకానిది బాబాయ్, ఉత్తుత్తిది," అన్నాడు బాబూలాల్. "చెక్క చూడండి, చెక్క! టేకనుకుంటున్నారు కదా? కాదు."

వ్యాపారి తేరుకుని చెయ్యి చాచాడు. బాబూలాల్ చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "చెమట చేత్తో వద్దు బాబాయ్. మరక పడితే పోదు."

ఇష్రత్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

పోటీల్లో ఆ సాయంత్రం మొదటి నాటకం వీళ్ళదే. గ్రీన్‌రూమ్‌లో తుపాకీ చూసి ప్రకాశరావుగారు, "ఇది సెంట్రీ తుపాకీయా, వైస్రాయిగారి తుపాకీయా?" అని, మళ్ళీ చేత్తో బరువు చూసి, "సరే, చప్పుడొస్తే చాలు" అని వదిలేశాడు. హాలు నిండింది. తెర సందులోంచి చూస్తే రెండో వరసలో అత్తగారు ఇమాం బీ, ఫరూక్, అతని భార్య, వాళ్ళ పక్కన ఇష్రత్.

నాటకం బాగా నడిచింది. వినోద్ కుమార్ గొంతు చించుకున్నాడు, జనం కళ్ళు తుడుచుకున్నారు. బాబూలాల్ నిలబడ్డాడు, అది అతనికి వెన్నతో పెట్టిన విద్య. లైటు అతని మీద కూడా పడుతోంది. కాదు, అతని భుజాన ఉన్నదాని మీద పడుతోంది. ముందు వరసల కళ్ళన్నీ అటే తిరగటం అతనికి తెలుస్తూనే ఉంది. పొంగిపోయాడు.

సమయం వచ్చింది. తుపాకీ తలపైకెత్తాడు. లైటు కాంతిలో ఆ చార నిలువునా బంగారంలా వెలిగింది. విసరబోతూ కిందికి చూశాడు. స్టేజీ చెక్కల్లో ఒక మేకు తల పైకి లేచి ఉంది. దాని పక్కన ఇంకొకటి. గరుకు చెక్కలు, ఇసక, ఎవరో వదిలేసిన సీసా మూత.

చేతులు మెల్లగా దిగాయి. అతను దించలేదు, అవే దిగాయి. మోకాళ్ళ మీద కూర్చుని, తలమీది ఖాకీ టోపీ తీసి నేల మీద పరిచి, చెక్క భాగం దాని మీద ఆనేటట్టు తుపాకీని పడుకోబెట్టాడు. గొట్టం కింద ఎడమచెయ్యి పెట్టి, ఆ చేతిని కొంచెం కొంచెంగా బయటికి లాక్కున్నాడు. తరవాత చొక్కా చేతి అంచుతో, తను పట్టుకున్న చోట వేలిముద్రలు తుడిచాడు.

అందరూ అతన్నే చూస్తున్నారు. తన మాట చెప్పాలి. మాట ఎక్కడా లేదు. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా పని అప్పగించి చేతులు తుడుచుకునేటప్పుడు వచ్చే గొంతే, నిండుగా, తడబాటు లేకుండా వచ్చింది.

"రెండ్రోజులు తడి తగలనివ్వకండి. వేడి గిన్నెలు పెట్టకండి."

వినోద్ కుమార్ పాపం ఏం చేస్తాడు, ఇనప గొలుసులతో ముందుకొచ్చి, "విన్నారా ఆ చప్పుడు?" అన్నాడు. లేని చప్పుడు కోసం జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఆ తరవాత హాలు పైకప్పు ఎగిరిపోయింది. బాపట్లలో నవ్వినవాళ్ళు వీళ్ళ ముందు ఎందుకూ పనికిరారు. తెర దింపేవాడు కూడా నవ్వుతూ తాడు వదిలేస్తే తెర ధబాలున పడింది. ఆ ప్రదర్శనలో వచ్చిన ఒకే ఒక్క మంచి చప్పుడు అది.

గ్రీన్‌రూమ్ అంటే హాలు వెనక సిమెంటు గచ్చు గది. ప్రకాశరావుగారు కుర్చీలో కూర్చుని గచ్చు చూస్తున్నాడు. తిట్టి ఉంటే బాబూలాల్‌కి తేలిగ్గా ఉండేది. వినోద్ కుమార్ గొలుసులు విప్పుకుంటూ, "నన్ను ఉరి తీసేవాళ్ళకి జాగ్రత్తలు చెప్తున్నాడండి, వేడి గిన్నెలు పెట్టొద్దంట" అన్నాడు.

"బాబూలాల్, నాకు నీమీద కోపం లేదయ్యా," అన్నాడు ప్రకాశరావుగారు చివరికి. "వచ్చే వారం మనూళ్ళో ప్రదర్శన. తెనాలి జనం ముందు నవ్వులపాలు కాలేను. ఆ మాట తీసేస్తున్నా. తుపాకీ వినోద్ లాక్కుని విసురుతాడు. నువ్వు పక్కన నిలబడు చాలు."

"నిలబడతానండి. అలవాటేగా," అన్నాడు బాబూలాల్. దానికి తనే ముందు నవ్వాలి. నవ్వబోయాడు, రాలేదు. మూలకి తిరిగి, బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద తుపాకీని పెట్టాడు. తన బతుకు మీద తనకే అసహ్యం వేసింది. ఇంత అవమానంలో కూడా దుప్పటి మడతలు సరిగ్గా వేశాడు.

"లోపలికి రావచ్చాండీ, అన్నయ్యగారూ?"

ఇష్రత్, ప్రకాశరావుగారిని అడుగుతోంది. గుమ్మం దగ్గర ఫరూక్ తల్లికి కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాడు. అతని కళ్ళు నవ్వి నవ్వి ఎర్రగా ఉన్నాయి. బాబూలాల్‌కి బల్ల కింద దూరాలనిపించింది.

"బాగా నవ్వుకున్నారా?" అన్నాడు.

"అందరూ నవ్వారు," అంది ఇష్రత్. ఆమె ముఖంలో నవ్వు లేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి తుపాకీ అందుకుంది.

"కిందనుంచి పట్టుకో, చెయ్యి మరక..." అన్నాడు బాబూలాల్, ఆపుకోలేక.

ఇష్రత్ కిందనుంచే పట్టుకుంది. రెండు చేతులా తలపైకెత్తింది. "ఇన్నాళ్ళూ దీన్ని మోశాను. ఇక మొయ్యను!" అని గచ్చుకేసి బలంకొద్దీ కొట్టింది.

దభేల్! గోడకి తగిలించిన అద్దం అదిరింది. వినోద్ కుమార్ గొలుసులు కాలి మీద పడేసుకున్నాడు. హాలు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. బాబూలాల్ "అయ్యో!" అని అరిచి నేల మీద పడ్డాడు. చెక్క అంచు దగ్గర బొటనవేలంత సొట్ట. పాలిష్ చిట్లి లోపల తెల్ల చెక్క కనపడుతోంది. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

ప్రకాశరావుగారు లేచి నిలబడ్డాడు. సొట్ట కాదు, ఇష్రత్‌ని చూస్తున్నాడు. "అమ్మా," అన్నాడు, ఎరువుల కొట్లో మంచి బేరం తగిలినప్పటి గొంతుతో, "ఆ వేషమేదో మీరే వేస్తే?"

వినోద్ కుమార్ కాలు పట్టుకునే తలూపాడు. బాబూలాల్ నేల మీద నుంచి తలెత్తి చూశాడు. తుపాకీ పోయింది, మాట పోయింది, ఆ పోయింది కూడా సొంత పెళ్ళానికి.

"నాకెందుకండీ వేషాలు!" అంది ఇష్రత్. "నేను ఈయన మాట్లాడితే విందామని వచ్చాను. మావాళ్ళందర్నీ పోగేసుకొచ్చాను. మా అమ్మకి నడుం నొప్పి, అయినా లేపి తీసుకొచ్చాను." బాబూలాల్ వైపు తిరిగింది. "రోజూ ఆ తుపాకీ రుద్దుతూ ఆ మాటే గొణిగేవాళ్ళు. వినీ వినీ నాకే వచ్చేసింది. పెళ్ళయిన కాడ్నుంచీ ఒక్కరోజు మాట్లాడతా చూడు అంటున్నారే, ఇవాళేగా ఆ రోజు? వినకుండానే ఇంటికెళ్ళమంటారా నన్ను?"

బాబూలాల్ ఆమె నవ్వటానికి వచ్చిందనుకున్నాడు. తనని చూసి అందరికన్నా ముందు తనే నవ్వేసి, ఇన్నేళ్ళూ ఆమెకి ఇంకో దారి లేకుండా చేశాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు లోపల ఎక్కడో, చెప్పుకోలేనంత సంతోషం కూడా వేసింది.

లేచాడు. తుపాకీ తీసుకున్నాడు. బొటనవేలు దానంతటదే సొట్ట మీదకి వెళ్ళింది. కాస్త లప్పం, కొంచెం రంగు, రెండు పూతలు, ఇంక ఎవడూ కనిపెట్టలేడని వేలు లెక్కలు వేస్తోంది. వేలిని అక్కణ్ణుంచి బలవంతంగా లాగాడు. తుపాకీ తలపైకెత్తాడు. కింద గచ్చు చూడలేదు. ఇష్రత్‌ని చూశాడు.

"ఇన్నాళ్ళూ దీన్ని మోశాను," అన్నాడు. ఆ గొంతు అతనికే కొత్తగా వినపడింది. "ఇక మొయ్యను!"

విసిరికొట్టాడు. తుపాకీ గచ్చు మీద పడి, కొంత దూరం జారి, గోడకి కొట్టుకుని ఆగింది. చెక్క చీలిన చప్పుడు స్పష్టంగా వినపడింది. అతను కదల్లేదు. ఫరూక్ ముఖంలో నవ్వు లేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తను మాట్లాడాక మనుషులు అలా ఊరుకుండిపోవటం బాబూలాల్ ఎన్నడూ ఎరగడు.

ప్రకాశరావుగారు గొంతు సవరించుకున్నాడు. "తెనాలిలో ఇలాగే చెప్పు. మార్చకు," అన్నాడు. వెళ్ళి తుపాకీ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఇది మాత్రం మీ ఇంటికి రాదు. నా కొట్లో ఎరువుల బస్తాల మధ్య ఉంటుంది."

గుమ్మం దగ్గర కుర్చీలో ఇమాం బీ చప్పుళ్ళకి ఉలిక్కిపడి అటూ ఇటూ చూస్తోంది. పెద్దావిడకి చెవులు సరిగ్గా వినపడవు. "ఏంటే, ఏమైంది? అల్లుడేంటి ఏదో అన్నట్టున్నాడు?" అని కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది.

"మాట్లాడారమ్మా," అంది ఇష్రత్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.